బిందెల లైను కట్టిన కుంట

బొంబాయి ఇంకా బొంబాయిగానే ఉన్న రోజుల్లో, కామాటిపురా చాళ్లలో (వరండా పొడుగునా ఒంటి గదులుండే మేడల్లో) మా తెలుగువాళ్లకు మనిషికి రెండేసి పేర్లుండేవి. ఒకటి అమ్మానాన్నలు పెట్టింది, రెండోది నల్లా దగ్గర లైను పెట్టింది. మా అమ్మ పేరు అక్కడ 'ఇత్తడి బిందె'. ఎదురు గదివాళ్లు ఇంటిల్లిపాదీ 'కిరసనాయిలు డబ్బా'. ఇప్పటి పిల్లలకు ఇదంతా చెబితే నవ్వుతారు. నవ్వనీ పాపం, తిప్పగానే నీళ్లొచ్చే ఇళ్లలో పుట్టినవాళ్లకు మా బాధలు ఏం తెలుస్తాయి. మా అంతస్తుకంతా ఒకటే నల్లా ఉండేది. అదీ తెల్లవారుజామున కాసేపు దగ్గి, కాసేపు కారి ఊరుకునేది. ఆ కాసేపటి కోసం ముందురోజు పొద్దుగూకేసరికే వరండాలో బిందెలు, బకెట్లు, రేకు డబ్బాలు బారులు తీరేవి. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. బిందె లేనివాడు ఇటుక పెట్టినా చెల్లేది. ఇటుకకూ గతిలేనివాడు చెప్పు విడిచి వెళ్లేవాడు.

ఈ రాజ్యానికి రాణి మా నల్లా చిన్నమ్మ. (మా నాన్న తమ్ముడి భార్య. నల్లా పక్క గది ఆమెది కాబట్టి ఆ కిరీటం దక్కింది.) ఎవరి వెనక ఎవరో ఆమె నోట్లో ఉండేది, ఆమె మాటకు అప్పీలు లేదు. ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఫాక్‌లాండ్ రోడ్డు మీద పెళ్లి బ్యాండు మోగినా, సందులో పోలీసులు ఈలలు వేసినా, కింద గదిలో మొగుడూ పెళ్లాం తన్నుకున్నా మా చాల్ నిద్ర చెదిరేది కాదు. కాని లైనులో ఎవడైనా ఒక డబ్బాను జానెడు జరిపాడా, ఆ రేకు బండ మీద గీరుకున్న చప్పుడుకు అంతస్తంతా లేచి నిలబడేది. చంటిపిల్లలు సైతం పాలు వదిలి చూసేవాళ్లు.

మేమంతా పాలమూరు జిల్లాలో ఒకే ఊరివాళ్లం. ఊరి పేరు మాత్రం చెప్పను, చెబితే చిన్నమ్మ తరఫు చుట్టాలు నన్ను బతకనివ్వరు. నా చిన్నప్పుడు ఒక పెద్ద వానకు మా ఊరి కుంట కట్ట తెగిపోయింది. ఆ తర్వాత కుంటలో నీళ్లు నిలవలేదు, కుంట కింది పొలాల్లో పంట నిలవలేదు, ఊళ్లో మనుషులూ నిలవలేదు. ఒక్కొక్కరే ఇంటికి తాళం వేసి, బొంబాయిలో మేడలు కట్టే పనికి వచ్చిపడ్డారు. మా నాన్న పోయాక అమ్మ తట్టలు మోసి నన్ను చదివించింది. నేను మునిసిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో చదివి, ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక ఇనప సామాన్ల దుకాణంలో బిల్లులు రాసే ఉద్యోగం సంపాదించి, తెల్ల ప్యాంటు, జేబులో పెన్ను స్థాయికి ఎదిగేసరికి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కి వచ్చి గడపలో కూలబడి, రోజూ ఒకే మాట అనేది: "ఆ కుంట ఒక్కటి నిండితే ఈడ ఒక్క దినం గూడ ఉండను బిడ్డా. మన పొలం మనం చూసుకుందం." నేను "పోదాంలేమ్మా" అనేవాణ్ణి. ఎక్కడికి పోయేది, తెగిన కట్టకా?

అలాంటి రోజుల్లో మా ముకద్దం పెద్దనాయన ఊరికి వెళ్లి ఒక కబురు తెచ్చాడు. (ఆయన మేస్త్రీలకు కూలీలను కుదిర్చే ముకద్దం, మా ఊరి సంఘానికి అధ్యక్షుడు. సంఘమంటే ఆయన, ఆయన మంచం, మంచం చుట్టూ కూర్చున్న మేము.) సర్కారు కొత్త పథకం పెట్టిందట. సిమెంటు, ఇంజినీరు, పనిచేసినవాళ్లకు బియ్యం సర్కారువి. మట్టి పనిలో ఊరివాళ్ల వంతు ఊరివాళ్లు చేయాలి. పెద్దనాయన సమితి ఆఫీసుకు పోయి అడిగితే, ఆ ఆఫీసరు సారు ఒక్క ముక్కలో తేల్చేశాడట.

"ఏమన్నడంటే, మీ ఊర్ల సగం ఇండ్లకు తాళాలే ఉన్నయి, మట్టి ఎవరు మోస్తరు, తాళాలు మోస్తయా అన్నడు," అని చెప్పాడు పెద్దనాయన. "నేనే వచ్చి చూస్త, మనుషులుంటే మీకు, లేకుంటే పక్క ఊరికి అన్నడు."

అమ్మ మోకాళ్లు రుద్దుకుంటూ నా వైపు చూసింది. ఆ చూపుతో నేను సంఘానికి సెక్రెటరీని అయ్యాను. సారు వచ్చే రోజుకు చాల్ చాలంతా ఊళ్లో ఉండాలని తీర్మానించాం. స్వాగత ఏర్పాట్లు నావి, స్వాగతోపన్యాసం నాది. 'గ్రామాభ్యుదయమే దేశాభ్యుదయమని పెద్దలు నుడివియున్నారు' అని మొదలుపెట్టి, దుకాణంలో మేకులు తూస్తూ తూస్తూ మొత్తం బట్టీ పట్టాను. ఆ 'నుడివియున్నారు' మీద నాకు ఎంత గురి ఉండేదంటే, ఆ ఒక్క మాటకే కుంట నిండిపోతుందనుకున్నాను.

దాదర్‌లో రైలెక్కాం. చిన్నమ్మ బిందెలు లేకుండా కదలనంది. ఊళ్లో బిందెలుంటాయి కదా అంటే, "ఎవడు దాచిపెట్టిండురా నీ కోసం?" అని నా నోరు మూయించింది. ఆమెను చూసి అందరూ తెచ్చారు. పెట్టె అంతా బిందెలే. టికెట్ల సారు వచ్చి, "ఇవేంటి, ఎవరిదన్నా పెళ్లా?" అని అడిగి, మా మొహాలు చూసి సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. రాయచూరులో దిగి, బస్సులు మారి, చివరకు నడిచి ఊరు చేరాం. తాళాలు తుప్పుపట్టి తెరుచుకోలేదు, రాళ్లతో పగలగొట్టాం. అమ్మ మా ఇంటి గడప మీది మట్టిని చీర చెంగుతో తుడిచి, అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది కాని, సెక్రెటరీలు ఏడవకూడదనుకుని బయటకు వచ్చేశాను.

వచ్చి చూద్దును కదా, వీధిలో అడ్డంగా బిందెల లైను. ఊరికి మిగిలింది ఒకే బావి. అందులో ఊట ఊరి, చేదకు అందేసరికి పొద్దు వాలుతుంది. చిన్నమ్మ ఆ బావిని చూడగానే అలవాటు చొప్పున తన బిందె పెట్టింది. ఆమె వెనక ఇత్తడి బిందె, దాని వెనక కిరసనాయిలు డబ్బా, అచ్చంగా మా వరండా వరసే బావి గట్టు నుంచి మొదలై బండ్ల బాటకు అడ్డం పడి అవతలి గోడ దాకా పోయింది. ఊళ్లోనే ఉండిపోయిన ఒక పెద్దాయన వింతగా చూసి, "గీ బిందెలను ఎండకెందుకు పెట్టిండ్రు?" అని అడిగాడు.

"నంబర్ పెట్టినం మామా," అంది చిన్నమ్మ.

"ఎవరు ఎత్కపోతరని? బాయి ఏడికి పోతది?"

నాకు తల కొట్టేసినట్టయింది. సారు జీపు వచ్చేది ఆ బాటనే. "చిన్నమ్మా, ఇది బొంబాయి కాదు. సారు చూస్తే ఏమనుకుంటడు? తీయించు," అన్నాను. ఆమె నన్ను తలపాపిడి నుంచి బూట్ల దాకా చూసి, "మీ సారుకు దూపైతే ఆయన్ను గూడ ఒక చెంబు పెట్టుకోమను," అని లోపలికి పోయింది.

నా పథకం ఇదీ. ఊరి మొదట్లో డప్పాయన నిలబడతాడు. జీపు కనబడగానే డప్పు కొడతాడు. డప్పు వినగానే ఇంటింటి నుంచీ జనం గడపల్లోకి వచ్చి దండం పెడతారు. నేను ముందుకొచ్చి నుడువుతాను. పొద్దున వస్తానన్న సారు పొద్దున రాలేదు. జనం చూసి చూసి, ఎలాగూ వచ్చాం కదా అని మేకను కోశారు. జొన్నరొట్టె, మాంసం, ఈత చెట్ల కల్లు. ఎన్నాళ్లకో సొంత ఇంటి నేల మీద తిన్న తిండి. రైల్లో రాత్రంతా కూర్చుని వచ్చిన ఒళ్లు. ఇక చెప్పాలా, మిట్టమధ్యాహ్నానికి ఊరు ఊరంతా పెరటి చావళ్లలో వాలిపోయింది. డప్పాయన డప్పునే తలకింద పెట్టుకున్నాడు. మెలకువగా ఉన్నది నేనొక్కణ్ణే. (ప్యాంటు మీద పులుసు పడుతుందని నేను తినలేదు.)

సరిగ్గా అప్పుడొచ్చింది జీపు. సారు దిగి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తెరిచిన తలుపులు, ఊగుతున్న గొళ్ళేలు, నీడలో ఒక కుక్క. మనిషి జాడ లేదు. నేను చేతులు కట్టుకుని, "గ్రామాభ్యుదయమే దేశాభ్యుదయమని పెద్దలు..." అన్నాను. పెద్దలు ఏం చేశారో గుర్తురాలేదు. నా ప్రాణంతో సమానమైన ఆ మాట ఎక్కడికో పోయింది.

"జనం ఏరీ?" అన్నాడు సారు.

"ఉన్నరు సార్. లోపల విశ్రాంతి తీసుకుంటున్నరు."

"ఊరంతానా?"

నేను పెద్దనాయన ఇంటి ముందుకు పోయి పిలిచాను. ఆఫీసరు ముందు బొబ్బలు పెడితే మర్యాద కాదు కదా, అందుకని చదువుకున్నవాడిలా మెల్లగా, "పెద్దనాయనా, సారు గారు విచ్చేశారు," అన్నాను. కుక్క మాత్రం తోక ఆడించింది. సారు గడియారం చూసుకున్నాడు. "తాళాలు తీయడానికి ఒక్క మనిషి చాలు బాబూ, కట్ట పోయడానికి ఊరు కావాలి. నాకింకో ఊరు చూడాల్సింది ఉంది," అని జీపెక్కాడు. నాకు అమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. జీపు వెనకే నాలుగడుగులు వేశాను, అరవడానికి మాత్రం మర్యాద అడ్డొచ్చింది.

జీపు బావి దాకా పోయి ఆగింది. బాటకు అడ్డంగా బిందెలు. డ్రైవరు విసుక్కుంటూ దిగి, ముందున్న రేకు డబ్బాను కాలితో పక్కకు నెట్టాడు.

బండ మీద రేకు గీరుకుంది.

అంతే. ఆ తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు. ఒక్క క్షణంలో ప్రతి ఇంటి నుంచీ జనం ఊడిపడ్డారు. జుట్టు విరబోసుకుని ఆడవాళ్లు, పంచె ఎగ్గట్టుకుంటూ మగవాళ్లు, మొలతాళ్లతో పిల్లలు. "ఎవడ్రా నంబర్ జరిపింది?", "కోణ్ ఆహే రే?" అని తెలుగులోనూ మరాఠీలోనూ కేకలు. ఏ ఊళ్లో ఉన్నామన్న సోయి ఒక్కరికీ లేదు. చిన్నమ్మ అందరికన్నా ముందొచ్చి డ్రైవరు చొక్కా పట్టుకుంది. "నీళ్లు పట్టే డబ్బను కాలుతోని తంతవా? నీకు ఇంట్ల చెప్పెటోళ్లు లేరా?" సారు జీపు దిగి ఏదో చెప్పబోయాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నువ్వెవరు? నీ బిందె ఏది?"

"నాకు బిందె లేదమ్మా," అన్నాడు సారు.

"లేకుంటే ఎనకకు పోయి నిలబడు."

సమితి ఆఫీసరు వెనక్కి పోయి నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను. పెద్దనాయన నిద్రమత్తు దిగి సారును గుర్తుపట్టి, తలగుడ్డ తీసి, "అయ్యో, తప్పయింది సారూ," అనేసరికి వీధంతా చప్పబడింది. చిన్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు లైను చివరి నుంచి మొదటి దాకా ఆ బిందెలనూ జనాన్నీ చూసి, ముందు మీసాల్లో, తర్వాత పైకే నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"సరే, మనుషులున్నరు. ఒప్పుకుంటున్న," అన్నాడు. "ఇయ్యాల ఉన్నరు. రేపు మళ్లీ రైలెక్కరని నాకేం నమ్మకం?"

పెద్దనాయన ఒట్లు మొదలుపెట్టాడు. అప్పుడు మా అమ్మ గోడ పట్టుకుంటూ ముందుకొచ్చింది. జన్మలో ఆఫీసరుతో మాట్లాడిన మనిషి కాదు. "నేను పోను సారూ. మోకాళ్లు పనిచేస్తలేవు, అయినా కుంట నిండేదాంక ఈడనే ఉంట. తక్కినోళ్లు వంతులేసుకొని వస్తరు. ఎందుకు రారు? పొద్దుగూకంగ పెట్టిన బిందెను తెల్లారెదాంక ఇడవనోళ్లు, కుంటను ఇడుస్తరా?"

సారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత డ్రైవరుతో, "ఆ డబ్బా ఉన్నకాడ పెట్టు. జీపు చుట్టూ తిప్పి తీసుకురా, కుంట చూద్దాం," అన్నాడు. నేను అలాగే బావి గట్టు పక్కనున్న బురదలో తెల్ల ప్యాంటుతో సహా కూర్చుండిపోయాను. అంత హాయిగా నేను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

సిమెంటు వచ్చింది, ఇంజినీరు వచ్చాడు, కాస్త ఆలస్యంగా బియ్యమూ వచ్చాయి. బొంబాయి నుంచి వంతుల వారీగా ఎవరు వెళ్లాలో తేల్చడానికి చిన్నమ్మ వరండాలో మళ్లీ బిందెల లైనే పెట్టించింది, ముందున్న బిందెవాళ్లు ముందు వెళ్లాలని. తమాషా ఏమిటంటే, జన్మంతా ముందు నంబరు కోసం కొట్టుకున్నవాళ్లకు ఒక్కసారిగా మర్యాద పుట్టుకొచ్చింది. "మీరే ముందు పెట్టుకోండి వదినా," "అయ్యో, పెద్దోళ్లు, మీరుండంగ మేమా?" అంటూ బిందెలను చల్లగా వెనక్కి జరిపేవాళ్లు. చిన్నమ్మ వాటిని చెవులు పట్టి లాక్కొచ్చినట్టు ముందుకు లాక్కొచ్చేది. సణుక్కుంటూనే వెళ్లారు, తిట్టుకుంటూనే మోశారు, కట్ట మాత్రం నిలబెట్టారు. నేనూ నా వంతు వెళ్లాను. నా చేతులు బొబ్బలెక్కాయని చెబితే అమ్మ జాలిపడలేదు. నవ్వింది.

ఆ ఏడు వానలు మంచిగా పడ్డాయి. కుంట నిండిందని కబురొస్తే దుకాణానికి సెలవు పెట్టి వెళ్లాను. అమ్మ ఇత్తడి బిందె చంకన పెట్టుకుని కట్ట దిగుతోంది. కట్ట ఈ మూల నుంచి ఆ మూల దాకా నీళ్లు. గట్టున ఒక్క మనిషి లేడు. అమ్మ నీళ్ల అంచుదాకా పోయి ఆగిపోయింది. ముందుకు చూసింది, వెనక్కి చూసింది, బిందె దించలేదు.

"ఏమైందమ్మా?" అన్నాను.

"నా ముందట ఎవరన్న ఉన్నరేమో చూడు బిడ్డా," అంది.

"ఎవరూ లేరమ్మా. నీదే నంబరు."

ఇప్పుడు నేను వర్లీలో నల్లాలు ఇంట్లోనే ఉన్న ఇంట్లో ఉంటున్నాను. తెల్ల ప్యాంట్లు ఇప్పుడు నాకు పట్టవు. 'నుడివియున్నారు' మాత్రం సారు వచ్చివెళ్లిన మర్నాడే గుర్తొచ్చింది, ఇప్పటికీ నోట్లోనే ఉంది, ఎవరూ అడగరు. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పక్కింట్లో ఎవరో బకెట్టు జరుపుతారు. నాకు తెలియకుండానే నేను లేచి నిలబడి, పంచె ఎగ్గట్టుకుంటూ ఉంటాను. మా ఆవిడ కళ్లు తెరవకుండానే అంటుంది, "పండుకో. నీ నంబరు ఎవరూ జరపలే."