ప్రభు బల్ల మీద నా సీసా

ఆత్మకూరు గ్రంథాలయంలో నేను చదవని బీరువా లేదని చెప్పుకునేవాణ్ణి. పదో తరగతి తప్పి కుట్టుమిషను పట్టినవాడికి చెప్పుకోవడానికి ఇంకేముంటుంది? రెండేళ్ల కిందట అక్కడే, ఏ వంటకు ఏ వైన్ నప్పుతుందో చెప్పే పుస్తకం దొరికింది. కొవ్వున్న మాంసానికి పుల్లటిది, కారానికి కాస్త తీయటిది. సంగటి గురించి, ఉగ్గాని గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ లోటు నేనే తీర్చాలనుకుని ఒక నోటుబుక్కు పెట్టాను.

ఇంట్లో ఆ మాట ఎత్తే వీలు లేదు. వెల్డింగు పనిచేసే నా బామ్మర్ది మా ఇంట్లోనే ఉంటాడు. తాగుడు మాని అప్పటికి ఏడాది. చర్చిలో అందరి ముందూ మోకరించి మానాడు కాబట్టి, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతాడా అని అందరి కళ్లూ వాడి మీదే. అందుకని నల్లద్రాక్ష, చక్కెర జాడీలో వేసి నా అంగట్లో, గుడ్డల పెట్టె వెనక దాచాను. మూడు వారాలకు వడగట్టి ఖాళీ స్క్వాష్ సీసాలో నింపాను. చల్లగా తాగాలని పుస్తకం చెప్పింది. శనివారం సాయంత్రం సీసాను ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం సంగటి, పొట్టేలు కూర. ద్రాక్షరసమని చెప్పి ఒక గ్లాసు పోసుకోవచ్చనుకున్నాను.

ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్లకు, అంటే అందరికీ చిన్న కప్పుల్లో పంచేందుకు, ద్రాక్షరసం కాచేది నా భార్యే. అదీ స్క్వాష్ సీసాలోనే పోస్తుంది, అదే ఫ్రిజ్‌లో పెడుతుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్న సంగతే. మర్నాడే ఆ ఆదివారమని పుస్తకం ధ్యాసలో మరిచిపోయాను.

మర్నాడు చర్చిలో చిన్న కప్పు నా నాలుకకు తగలగానే అది నా సీసాలోదేనని తెలిసిపోయింది. రసం పులిసిందనుకుని అందరూ మొహం చిట్లించి మింగేశారు. నా పక్కన బామ్మర్ది కప్పును ముక్కుదాకా తెచ్చి, మెల్లగా పళ్లెంలో పెట్టేశాడు. మా చర్చిలో కప్పు వదిలేయడమంటే తప్పు ఒప్పుకోవడమే. వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఇంటికి రాగానే నా భార్య వాణ్ణి నిలదీసింది.

"మల్లా మొదులుపెట్టినావా?"

"లేదక్కా."

"మరి కప్పు యాల పెట్టేస్తివి? అందరూ సూస్తాండారని తెలీదా?"

వాడు నా వైపు చూసి, కళ్లు దించుకున్నాడు. "కడుపులో బాగలేదక్కా" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. ఫ్రిజ్ తెరిచి, మిగిలిపోయిన ఆమె సీసా చూపించి, పుస్తకంతో మొదలుపెట్టి జరిగింది చెప్పాను. ఆమె కూర గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"నీకు ముందే తెలుసారా?" అని అడిగాను వాణ్ణి.

"పది దినాలాయ బావా. నీ అంగట్లో నుంచి వాసన కొడ్తాండాది. అందుకే ఆ పక్క పోకుండా మసీదు సందులో సుట్టు తిరిగి పోతాండా. సంగటికి ఏం తాగల్లని రాసినారు నీ బుక్కులో?" అని నవ్వాడు.

"ఏం రాయలేదురా."

"మజ్జిగని రాయి బావా. ఆ నోటుబుక్కు కొనక్కర్లేకపాయ."

లోపలి నుంచి నా భార్య గొంతు వినిపించింది: "వచ్చే ఆదివారం నువ్వే లేసి చెప్పల్ల. వాడు కాదు."

ఆ వారమంతా నాకు బట్ట కత్తిరించే ఓపిక కూడా లేకపోయింది. ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాను. అన్ని బీరువాలు చదివినవాడికి నాలుగు వాక్యాలే దొరికాయి. కూర్చున్నాక ఒక పెద్దాయన లేచి వచ్చి నా బామ్మర్ది భుజం మీద చెయ్యేసి వెళ్లాడు.

సోమవారం పొద్దున అంగడి కడిగి, జాడీ తలుపు బయట బోర్లించాను. నీళ్లు ఇంకా ఆరకముందే బామ్మర్ది ఎదుట నుంచి వచ్చాడు. మసీదు సందులోకి తిరగలేదు. నా అంగడి ముందు నుంచే పనికి వెళ్లాడు.