తొక్కు జాడీ కింద నోటీసు

నన్ను నారాయణఖేడ్‌ల నిలబెట్టింది ఎవరనుకున్నరు? మామిడికాయ తొక్కు జాడీ. నవ్వకుండ్రి, చెప్తా.

నేను ఈడనే సర్కారు ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్‌ని. ఉన్నట్టుండి నాగల్‌గిద్దకు బదిలీ చేసిండ్రు. ఆర్డర్‌ల కారణం రాసిండ్రు: ‘ఫైళ్లు భద్రపరచడం లేదు. నోటీసు ఇచ్చినా జవాబు లేదు.’

ఏ నోటీసు? నాకు రాలే! బిడ్డ పదో తరగతి. పరీక్షల ముంగట ఈ పరేషాన్ ఏంది? హైకోర్టుకు పోయిన. ‘నోటీసు అందలేదు’ అని అఫిడవిట్ మీద సంతకం పెట్టిన.

కేసు వాయిదాకు రెండొద్దుల ముందు తొక్కు తీద్దామని జాడీ లేపిన. కింద కవరు. నూనె పీల్చి అప్పడం లెక్కయింది. మీద మా ఆఫీసు ముద్ర!

అప్పుడు యాదికొచ్చింది. జొన్నరొట్టెలు చేస్తుంటే పోస్ట్‌మన్ వచ్చిండు. పిండి చేత్తోనే సంతకం పెట్టి, బ్యాంకోళ్లదేమో అనుకొని జాడీ కింద తోసిన. ఆఫీసు కాయితాలు ఆఫీసులనే ఇస్తరు గదా!

“చింపెయ్ మమ్మీ,” అన్నది బిడ్డ.

“అందినట్టు నా సంతకం వాళ్ల దగ్గరుంది గదనే!”

హైదరాబాద్‌ల లాయర్ సార్‌కు ఫోన్ చేసిన.

“సార్, నోటీసు దొరికింది.”

“ఏడ దొరికిందమ్మా?”

“తొక్కు జాడీ కింద.”

“కవరు మీద పోస్టాఫీసు ముద్రల తారీకు చదువు.”

చదివిన.

“మరి బదిలీ ఆర్డర్ ఎప్పుడొచ్చింది?”

“దానికి నాలుగొద్దుల ముందే.”

ఇగ ఆయన నవ్వుడే నవ్వుడు. “అంటే శిక్ష ముందు వేసి, సంజాయిషీ తర్వాత అడిగిండ్రమ్మా! ఉన్నదున్నట్టు కోర్టుకు చెప్దాం. కవరు పైలం. తుడవకు!”

‘ఈ మరక ఏమిటి?’ అని జడ్జి అడిగితే, ‘మామిడికాయ పచ్చడి, మై లార్డ్’ అన్నడంట మా సార్. బదిలీ కొట్టేసిండ్రు. మళ్లీ నోటీసిచ్చి, నా మాట విని, అప్పుడే ఏదన్న చేయమన్నరు.

పానం నిమ్మళమైంది. రెండు రొట్టెలు ఎక్కువనే తిన్న.

నిన్న కొత్త నోటీసు చేతికిచ్చిండ్రు. ఫైళ్లు భద్రంగ ఎందుకు పెడతలేనో ఏడు దినాలల్ల జవాబియ్యాలె. ఈసారి బుద్ధిగ కొత్త ఫైలు కొన్న. మీద పేరు రాసిన. నోటీసు అందుల పెట్టి మంచిగ దాచిన.

పొద్దుగాల సంది ఇల్లంత ఆ ఫైలే దేవులాడుతున్న.

“జాడీ కింద పెట్టకపోయినవ్ మమ్మీ?” అంటున్నది బిడ్డ.