వన్ టౌన్ బేకరీలో వణికిన ముల్లు

ఊరంతా పండగ బజారులో తిరిగే రోజుల్లోనే డెల్టాలో ఎక్కడో ఒకచోట ఏ ఓవెన్‌దో బాయిలర్‌దో డీజిల్ బర్నర్ మొరాయిస్తుంది. నేను స్పానర్ల సంచి తగిలించుకుని బయల్దేరతాను. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. నాకు ఒళ్లు మండేది బర్నర్ పంపు మీదుండే ఓ చిన్న స్క్రూ దగ్గరే. మంటలోకి తుంపరగా చిమ్మే నాజిల్‌కి డీజిల్ ఎంత ఒత్తిడితో చేరాలో నిర్ణయించేది అదే. మంట సరిగ్గా రాకపోతే దాన్ని తిప్పి చూడని మనిషిని ఇంతవరకూ చూడలేదు. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది.

మొన్న క్రిస్మస్ ముందు రోజు పొద్దున్నే వన్ టౌన్‌లోని ఓ సాయిబు గారి బేకరీ నుంచి ఫోన్ వచ్చింది. కట్టెల పొయ్యి తీసేసి డీజిల్ ఓవెన్ పెట్టుకున్నాక ఆయనకి వచ్చిన మొదటి క్రిస్మస్ అది. తోపుడుబళ్ల మధ్య నుంచి బండి దూర్చుకుంటూ వెళ్లేసరికి లోపల కాలు పెట్టే సందు లేదు. ఏటా ఈ రోజున చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లలోని ఆడవాళ్లు మైదా, పంచదార, వెన్న, గుడ్లు తెచ్చుకుని, అక్కడే కలిపించుకుని, ఎవరి గిన్నెలో వాళ్ల కేకు కాల్పించుకుని పట్టుకెళ్తారు. ఒకరిది ఒకరికి వెళ్లకుండా పైన జీడిపప్పులతో తలా ఒక గుర్తు పెట్టుకుంటారు.

ఆ గిన్నెలన్నీ అప్పటికే నింపి వరసగా పెట్టి ఉన్నాయి. ఓవెన్ మాత్రం చల్లగా ఉంది. గిలక్కొట్టిన గుడ్ల నురగ ఎవరి కోసమూ ఆగదు. ఇంకాస్త ఆలస్యమైతే అవి కేకులు కావు, పిండిముద్దలు.

"మా నాన్నగారు పెట్టిన బేకరీ అండీ ఇది. ఇక్కడికొచ్చిన గిన్నె ఏదీ పచ్చిపిండితో వెనక్కెళ్లలేదు. ఇవాళ వెళ్తే ఈ వీధిలో తలెత్తుకోలేనండీ," అన్నారు సాయిబు గారు. మాట్లాడుతున్నంతసేపూ చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు.

"స్క్రూ ఎవరు తిప్పారు?" అన్నాను.

ఒక్కొక్కరే బయటపడ్డారు. సాయిబు గారు కొంచెం తిప్పారట. ఎదురు దుకాణం ఆయన ఇంకొంచెం తిప్పారట. ముందు బల్ల మీద కూర్చున్న ఓ పెద్దావిడ మాత్రం ఏమాత్రం జంకలేదు.

"మా ఆయన రైల్వేలో చేశారు బాబూ. ఫోన్లో అడిగితే ఎడమకి తిప్పమన్నారు, తిప్పాను."

"ఇంకా నయం, పాస్టర్ గారిని పిలిచి తిప్పించలేదు," అన్నాను.

"పిలిచాం నాయనా. ప్రార్థనలో ఉన్నారంట."

బల్లల మీద వాళ్లంతా పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ, నవ్వితే లోకువైపోతానని మొహం బిగించుకున్నాను.

పంపుకి ఒత్తిడి చూపే గేజు తగిలించి బర్నర్ వేశాను. ముల్లు పన్నెండు దగ్గర నిలబడాలి. అది ఆ కిందెక్కడో గజగజ వణుకుతోంది. మంట రెండుసార్లు బుస్సుమని ఆరిపోయింది. స్క్రూ మెల్లగా బిగిస్తే ముల్లు పైకి జరిగింది కానీ వణుకు తగ్గలేదు. తప్పు స్క్రూదే అయితే ముల్లు తక్కువలోనో ఎక్కువలోనో కదలకుండా ఉంటుంది. వణుకుతోందంటే పంపు డీజిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తోందన్నమాట. పంపు పక్కనున్న చిన్న మర వదులు చేసి చూస్తే డీజిల్ నురగలు కక్కింది.

"మీ డీజిల్ డ్రమ్ము ఏదండీ?"

"నిన్న పెరట్లోకి మార్పించానండీ. ఏటా వీళ్లంతా గంటల తరబడి నిలబడుతున్నారని ఈసారి బల్లలు వేయించాను. డ్రమ్ము స్టాండు అడ్డమొచ్చింది."

పెరట్లో డ్రమ్ము నేల మీదుంది. పైపు చాలక మొక్కలకి నీళ్లు పట్టే గొట్టం ముక్క అతికించారు. డీజిల్ తగిలి అది ఉబ్బి మెత్తబడి, అతుకు దగ్గర వదులైపోయింది. ఎత్తు మీద నుంచి దానంతటదే దిగే డీజిల్‌ని పంపు ఇప్పుడు కింద నుంచి లాగాలి. లాగినప్పుడల్లా ఆ సందులోంచి గాలి దూరుతోంది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆడవాళ్లు కాసేపు కూర్చోవాలని చేసిన పనికి మనిషిని ఏమని తిట్టను?

లోపలికొచ్చి పెద్దావిడతో, "మీరు లేస్తే గానీ పొయ్యి వెలగదండీ," అన్నాను.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా. మేం ఏటా నిలబడేవాళ్లమేగా," అంటూ ఆవిడే ముందు లేచి, బల్ల రెండో కొస నన్ను పట్టుకోమంది.

బల్లలన్నీ వీధిలోకి చేరాయి. తోపుడుబళ్ల వాళ్లు సణుక్కుంటూనే పక్కకి జరిగారు, సణుక్కుంటూనే డ్రమ్ము ఎత్తడానికీ చెయ్యేశారు. దాన్ని స్టాండు మీదికి ఎక్కించి, పాత పైపు కలిపి, లోపలి గాలంతా వదిలేసి, స్క్రూ సరిచేశాను. మంట పట్టుకుంది. ముల్లు పన్నెండు దగ్గర నిలబడి ఇక కదల్లేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఆ నిలకడ చూసినప్పుడల్లా నాకు పట్టరాని సంతోషం.

ఉయ్యూరు దగ్గర ఓ బాయిలర్ నాకోసం ఎదురుచూస్తోంది. అయినా వెళ్లబుద్ధి కాలేదు. ఓవెన్ వేడెక్కి గిన్నెలు లోపలికి వెళ్లేసరికి పిండి కాస్త దిగినట్టే కనిపించింది. బయట ఆడవాళ్లు క్రిస్మస్ పాటలు అందుకున్నారు. సాయిబు గారు ఓవెన్ అద్దం ముందు నుంచి కదల్లేదు. ఆ పక్కనే నేనూ నిలబడ్డాను. పిండి అంచు దాటి పైకొస్తుంటే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మొదటి ట్రేలో వచ్చింది పెద్దావిడ కేకే. చల్లారేదాకా ఆగకుండా కోసి, పొగలు కక్కే ముక్క కాగితంలో పెట్టి ముందు నాకే ఇచ్చింది. నోట్లో పెట్టుకున్నాను.

సాయిబు గారు దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు. "లోపల పచ్చిగా లేదు కదండీ?"

నోరు కాలిపోతోంది, మాట రావడం లేదు. లేదని గట్టిగా తల అడ్డంగా ఊపాను. ఆయన అలాగే గుమ్మంలో చతికిలబడి, మొహం రెండు చేతుల్లో దాచుకుని, అందరూ చూస్తుండగా నవ్వడం మొదలుపెట్టారు.