మంచు తుడిచేసిన బొమ్మ

పొగమంచు కమ్మిన చెరువు బొమ్మ, ఫ్రెంచి పెయింటింగ్ ప్రింటు ఒకటి తెప్పించుకుని, హాల్లో పెట్టుకుందామని నల్లగొండలో ఫ్రేము కట్టడానికిచ్చాను. ఈ రోజు తెచ్చుకుందామని వెళ్తే మంచు మాయం. నీళ్లు నీలంగా మెరుస్తున్నాయి, ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, పైగా రెండు హంసలు!

“ఇదేందన్నా?” అన్నాను ఫ్రేముల షాపాయనతో.

“మస్తు మసకగ ఉండె సార్. పోయినోళ్ల పాత ఫోటోలు సాఫ్ జేసినట్టే కంప్యూటర్ల సాఫ్ జేయించి కొత్త ప్రింటు తీసిన. పాతది పారేసిన. హంసలు మా తరఫున.”

ఆ మసక కోసమే కొన్నానంటే నన్ను జాలిగా చూశాడు.

ఇంటికి తెస్తే అమ్మ “గిప్పుడు మంచిగ కనవడ్తాంది” అని మురిసిపోయి, తాత ఫోటో పక్కనే తగిలించింది. బతికినన్నాళ్లూ చొక్కా తొడుక్కోవడానికే విసుక్కున్న మా తాత, అదే షాపాయన కంప్యూటర్లో తొడిగిన నీలం కోటుతో నన్నే చూస్తున్నాడు.

మీ ఇంట్లో ఎవరికి తొడిగారు కోటు?