పెర్ల్ వైట్ మీద ఆఖరి కోటింగ్

పదో తరగతి మెమో నుంచి డ్రాయింగ్ హయ్యర్ సర్టిఫికెట్ దాకా నా ఒరిజినల్స్ అన్నీ ఆరేళ్లపాటు సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. చేరిన రోజే తీసుకున్నారు. మా దగ్గర ఇది కొత్తేమీ కాదు. టీచరు సంవత్సరం మధ్యలో ఇంకో స్కూలుకు జారిపోకుండా కరస్పాండెంట్లు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకుంటారు, మనం జిరాక్సులు ఇంటికి తెచ్చుకుంటాం. అడిగితే, "నీ కాయితాలు నాకెందుకు సారూ, జర భద్రంగ ఉంటయని పెట్టిన" అనేవాడు మా కరస్పాండెంటు. భద్రంగా ఉన్న మాట నిజమే. వాటితోపాటు నేనూ అక్కడే భద్రంగా ఉన్నాను.

ఉండేది మిర్యాలగూడలో. పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కి, సాయంత్రం అదే బస్సులో దాదాపు అదే సీట్లో తిరిగొచ్చేవాణ్ని. పిల్లలకు కొబ్బరిచెట్టు, గుడిసె, వాటి వెనక సూర్యుడు వేయడం నేర్పేవాణ్ని. ఆరేళ్లు అదే సూర్యుడు. ఇంటికొచ్చాక మాత్రం సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ అట్ట కోసి చిన్న చిన్న బండ్లు చేసేవాణ్ని. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు. మా ఆవిడ వాటిని "నీ పిల్లలు" అనేది. రోజు మొత్తంలో ఎవరూ బెల్లు కొట్టని సమయం అదొక్కటే.

ఆరో సంవత్సరం ప్రభుత్వ గురుకులాల్లో డ్రాయింగ్ టీచర్ పోస్టులకు రాత పరీక్ష రాశాను. పాసయ్యాను. వయసు ప్రకారం నాకదే ఆఖరి అవకాశం. సర్టిఫికెట్ల పరిశీలనకు ఫలానా శుక్రవారం ఒరిజినల్స్‌తో హైదరాబాద్ రావాలని మెసేజ్ వచ్చింది. ఫోన్ పట్టుకుని నేరుగా కరస్పాండెంటు గదికి వెళ్లాను.

ఆయన మెసేజ్ మొత్తం చదివాడు. కళ్లద్దాలు తీశాడు. "మంచిదే సారూ. పిల్లలు నీ బొమ్మబండ్ల సంగతి చెప్తుంటరు. నా కొత్త కారు సూసినవ్ గదా? అచ్చం అట్లనే ఒకటి చేసియ్యి. అదే రంగు ఉండాలె. గురువారం కొత్త ఆఫీసు రూము పూజ ఉంది, అద్దాల పెట్టెల పెడదాం."

"చేస్తాను సార్. మరి సర్టిఫికెట్లు..."

"ముందు బండి సంగతి సూడు. కాయితాలు ఎటు పోతయ్?"

ఇస్తానని అనలేదు, ఇవ్వననీ అనలేదు. రెండేళ్ల కింద మా లెక్కల సారు అడిగితే పరీక్షలయ్యాక అన్నాడు, పరీక్షలయ్యాక రిజల్ట్స్ రానీ అన్నాడు. ఆ సారు కాళ్లరిగేలా తిరిగి, దొరికిన ఉద్యోగం చేజారాక కాగితాలు తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ బీరువా తాళంచెవుల చప్పుడు వినబడితే చేస్తున్న పని ఆపి అటే చూసేవాణ్ని.

బండి చేయడం నాకు ఎడమచేతి పని. రంగే కష్టం. ఆయన కారుది మామూలు తెలుపు కాదు, పెర్ల్ వైట్. నీడలో పాలమీగడలా ఉంటుంది, ఎండలోకి రాగానే లోపల్నించి ముత్యంలా మెరుస్తుంది. పక్కకు జరిగి చూస్తే ఆ మెరుపు కూడా జరుగుతుంది. ఆ ఆదివారం కోదాడ వెళ్లాను. హైవే మీద కార్లకు రంగులు కలిపే దుకాణం ఉంది, యజమాని జగ్గయ్యపేట నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. జానెడు పొడవు బండికి అంటే నవ్వాడు.

"ఇది కారుకేసే పెర్ల్ అండీ. మీ బొమ్మకి తిన్నగా కొట్టారనుకోండి, ఉప్పు చల్లినట్టుంటుంది. కలిపాక గంటసేపు కదపకుండా వదిలేయండి. పెద్ద పలుకులు అడుక్కి పోతాయి. పైన తేలింది మాత్రం మెల్లగా వంచుకుని వాడండి. ముందు తెలుపు, దాని మీద పెర్ల్, పైన రంగులేని క్లియర్ కోటింగ్. క్లియర్ లేకపోతే పెర్ల్ నిలవదండీ. చెయ్యి తగిలినా పోతుంది. మరీ ఆలస్యం చెయ్యకండి, ఆ రోజే కొట్టేయండి."

నేరేడుచర్ల మీదుగా బస్సులో ఇంటికొస్తూ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఆ మాటలే మననం చేసుకున్నాను. పని బాగా వస్తుందన్న ఆశ ఒక పక్క, ఎంత బాగా వచ్చినా తాళం ఆయన చేతిలోనే ఉందన్న మంట ఒక పక్క.

మా వీధి వెనక రైస్‌మిల్లు. ఊక బూడిద గాల్లో తిరుగుతూనే ఉంటుంది, ఆరేసిన బట్టల మీద మిరియాలు చల్లినట్టు పడుతుంది. వరండాలో కొట్టిన మొదటి తెలుపు మీద నాలుగు నల్ల చుక్కలు పడ్డాయి. గీకేసి, బాత్రూంలోకి మారాను. కిటికీకి తడి తువ్వాలు కుక్కాను, తలుపు కింద పాత లుంగీ తోపాను, దుమ్ము లేవకుండా గోడలూ నేలా తడిపాను. చొక్కా నుంచి నూగు రాలుతుందని అది కూడా విప్పేశాను. మూతికి మాస్కు, చేతిలో రంగు చిమ్మే పెన్ను, దానికి గాలి కొట్టే చిన్న మోటారు. తీరా చూస్తే తేమకు పెర్ల్ పాలిపోయి పొగమంచు పట్టినట్టయింది. పొడిగా ఉంటే బూడిద, తడిగా ఉంటే మబ్బు. నా బతుకులాగే అటూ ఇటూ కదలనివ్వడం లేదని ఏడుపొచ్చింది.

తలుపవతల మా ఆవిడ, "ఏమయ్యా, తానానికి పోయినవా, తపస్సుకు పోయినవా? బకెట్ల నీళ్లు కూడ ఒడిసినయ్" అంది.

"ఇంకో అరగంట ఆగు."

"అరగంట అని ఎన్నిసార్లు అంటవ్? ఇగ నేను పక్కింటికి పోయి మొకం కడుక్కుంట."

మూడోసారికి పని పట్టుబడింది. నేల తడిపి, తుడిచి, తేమ పోయేదాకా ఆగాను. పెన్ను దూరంగా పట్టుకుని, ఊపిరి వదిలినంత పలచగా ఒక కోటు. బండిని పుల్లకు గుచ్చి తిప్పుతూ ఇంకో కోటు. ఒకేచోట ఆగితే మరకలా కూడుకుంటుంది, దూరం మరీ ఎక్కువైతే పొడిపొడిగా రాలుతుంది. ఐదు కోట్లయ్యాక తలుపు తీసి ఎండలోకి పట్టాను. బుధవారం మధ్యాహ్నం, సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. బానెట్ మీద ముత్యపు మెరుపు సన్నగా కదిలింది. క్లియర్ వేస్తే ఆ మెరుపు ఎంత లోతెక్కుతుందో తెలుసుకుందామని, కోసి పారేసిన సన్‌బోర్డు ముక్కకు అదే రంగు కొట్టి దాని మీద నీటిచుక్క వేసి చూశాను. ఒళ్లు పులకరించింది. అంత మంచి పని నా చేత్తో అంతకుముందు చేయలేదు.

క్లియర్ డబ్బా మూత తీసి కలపడం మొదలుపెట్టాను. అప్పుడొచ్చింది ఆ పాడు ఆలోచన. మొత్తం పూర్తిచేసి చేతికిస్తే ఇక నాతో ఆయనకు పనేముంది? లెక్కల సారు గుర్తొచ్చాడు. కరస్పాండెంటు నా కాగితాలు ఆపినట్టే నేను ఆయన కోటింగ్ ఆపితే? మూత బిగించి ఆయనకు ఫోన్ చేశాను.

"రంగు బాగా వచ్చింది సార్. కానీ వారం ఆరాలి. ఆరాక ఆఖరి కోటింగ్ వేయాలి, అది నేనే వచ్చి వేస్తాను. అదుంటేనే అసలు మెరుపు. రేపు పూజకు తెస్తాను, సర్టిఫికెట్లు తీసుకుని శుక్రవారం హైదరాబాద్ పోయొస్తాను. వచ్చే గురువారం కోటింగ్ వేసిస్తాను."

"వారమా?" అన్నాడు.

"అవును సార్. వారం కంటే ముందు వేస్తే పగులుతుంది."

"సరే తియ్. రేపు రా."

ఫోన్ పెట్టాక నాకు నేనే పెద్ద తెలివిగలవాణ్నని మీసం దువ్వుకున్నాను. ఆరేళ్లలో మొదటిసారి ఆయన నా కోసం ఎదురుచూడాల్సిన పరిస్థితి కల్పించానని సంబరపడ్డాను.

గురువారం బండిని చెప్పుల డబ్బాలో దూది మధ్య పెట్టి బస్సులో దారంతా ఒళ్లో మోసుకుపోయాను. ఎవరూ తాకొద్దని చెప్పాలని కూడా నాకు తోచలేదు. అద్దాల పెట్టెలో పెట్టే వస్తువును ఎవరు తాకుతారు?

కొత్త ఆఫీసు గదిలో సాంబ్రాణి వాసన. కరస్పాండెంటు, ఆయన తల్లి, ఆఫీసు క్లర్కు ఉన్నారు. బండిని టేబుల్ మీద పెట్టగానే కరస్పాండెంటు కిటికీ తెర తీసి, వంగి, అటునుంచి ఇటు చూశాడు. "అరె, అచ్చం నా బండే! సారూ, నీ చేతిల ఏముందయ్యా!" అన్నాడు. నిజంగానే ఆనందపడ్డాడు. తర్వాత క్లర్కుకు కళ్లతో సైగ చేశాడు.

క్లర్కు పక్కగదిలోంచి పళ్లెం తెచ్చాడు. తమలపాకులు, అరటిపళ్లు, మడతపెట్టిన శాలువా. శాలువా మీద ఖాకీ కవరు. దాని మీద ఆరేళ్ల కింద నేనే అందంగా రాసిన అక్షరాలు. నా ఒరిజినల్స్. అడగకుండానే, బతిమాలకుండానే, శాలువా కప్పి ఇద్దామని ముందే బీరువాలోంచి తీయించి పెట్టాడు. కవరు మీది నా అక్షరాలనే చూస్తుండిపోయాను. సంతోషమో, సిగ్గో, రెండూనో. ఆ పళ్లెం తప్ప గదిలో ఇంకేమీ కనిపించలేదు.

బండిని చూడాల్సింది అప్పుడే. ఆయన తల్లి, ఆ ముసలమ్మ, గిన్నెలో తడిపిన పసుపులో వేళ్లు ముంచి, "కొత్త బండి గదా బిడ్డా, బొట్టు పెట్టకపోతె ఎట్ల?" అంటూ బానెట్ మీద మూడు చుక్కలు దిద్దింది. వాటి మీద కుంకుమ.

"అమ్మా, వద్దు!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడింది. తప్పు చేశాననుకుని, పాపం, కొంగు తడిపి గబగబా తుడిచింది. క్లియర్ ఉంటే ఒక్క తుడుపుతో పోయేది. మా ఊళ్లో కొన్న ప్రతి కొత్త బండికీ పసుపు పెడతారు, కడిగితే పోతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడ పసుపు పూతలోకి ఇంకిపోయింది. కొంగుతోపాటు పెర్ల్ చారలుగా లేచొచ్చింది. బానెట్ మధ్యలో పచ్చటి మరక, చుట్టూ చచ్చిన తెలుపు.

"ఏమైంది బిడ్డా? నేనేం చేసిన?" అంది ఆమె, తడి చెయ్యి గాల్లోనే పెట్టుకుని.

"ఏం గాలేదమ్మా, మళ్ల ఎయ్యొచ్చు" అన్నాడు కొడుకు. నా వైపు తిరిగాడు. "ఏం సారూ, ఎయ్యొచ్చు గదా?"

"ఇవాళే వేస్తాను సార్. ఇప్పుడే ఇంటికి పోయి, ఆఖరి కోటింగ్‌తో సహా సాయంత్రానికి తెచ్చిస్తాను. ఆ కవరు మాత్రం..."

"వారం ఆరాలంటివి గద?"

"అక్కర్లేదు సార్. ఒక్క పూట చాలు."

"మరి నిన్న వారమని ఎందుకన్నవ్?"

ఏ అబద్ధమూ అందలేదు. ఆయన నన్ను చూశాడు, స్లిప్పులతో దొరికిన పిల్లవాణ్ని చూసినట్టు. చూస్తుండగానే ఆయనకు సంగతంతా అర్థమైపోయింది. కోప్పడి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ని, అరిచుంటే ఎదురు అరిచేవాణ్ని. ఆయన నెమ్మదిగా శాలువా మీది కవరు తీసి టేబుల్ సొరుగులో పెట్టి మూశాడు.

"పరేషాన్ కాకు సారూ. వారమే తీస్కో. మంచిగ చెయ్యి."

శుక్రవారం జిరాక్సులు పట్టుకుని హైదరాబాద్ వెళ్లాను. కౌంటర్లో ఉన్నావిడ ఒరిజినల్స్ ఏవని రెండుసార్లు అడిగి, తర్వాతి నంబరు పిలిచింది. అంతే, అయిపోయింది. వారం తర్వాత బండిని పూర్తిచేసి ఇచ్చాను. దాని మీద ఇప్పుడు పసుపేం ఖర్మ, గోరుతో గీకినా రంగు లేవదు. కవరు ఇచ్చేశాడు, శాలువా కూడా కప్పాడు. కవరు ఇంట్లో బీరువాలో ఉంది, నేను ఇంకా అదే స్కూల్లో ఉన్నాను.

ఇంట్లో మాత్రం జరిగింది సగమే చెప్పాను. ముసలమ్మ పసుపు పెట్టింది, బండి పాడైంది, వాళ్లు కోపంతో కాగితాలు ఆపారు అన్నాను. క్లియర్ వేయకుండా దాచుకున్న సంగతి చెప్పలేదు. మా ఆవిడ నెలల తరబడి ఆ ముసలామెను తిట్టింది. పోయిన నెల ఆ ముసలామె చనిపోయింది. స్కూలుకు సెలవిచ్చారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కూర వడ్డిస్తూ, "పోనీ తియ్, మన నోటికాడి కూడు తీసింది గాని, పోయినామెను ఏమనొద్దు. నేను మాఫ్ చేసిన" అంది.

నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను.