మడ్డి నీళ్ళు, తొమ్మిది ఓట్లు

1967 డిసెంబరు 11, సోమవారం, పొద్దున ఆరున్నరకు మా వాగులో మొదటిసారి నల్ల నీళ్ళు చూశాను. బోధన్ పోయే బస్సు అప్పుడే స్టేజీ దాటింది, అందుకే టైము గుర్తు.

మా ఊరు కోటగిరికీ బోధన్‌కూ మధ్య ఉంటుంది. ఆ ఏడు దసరా పోయాక ఒక సేటు వాగు ఒడ్డున చిన్న చక్కెర మిల్లు పెట్టాడు. చక్కెర తీయగా మిగిలిన మడ్డి కలిసిన కడుగు నీళ్ళను కాలువ తవ్వి వాగులోకి వదిలాడు. దానికి ఊరు ఏం చేసింది? సంతోషించింది.

"నీళ్ళు తీపిగున్నయక్కా. బర్లు మూతి పెడితే తలెత్తుతలేవు" అంది మా తోటికోడలు. "ఊకెనే దొరికిన దాణా."

కుడితిలో ఇంత మడ్డి కలిపితే బర్రె పాలు పెంచుతుందని చెరకు పండించే మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తెలివితోనే రెండు నెలలు బర్లను తోలుకుపోయి మరీ తాపాము. నేనూ తాపాను. ఫిబ్రవరిలో చూలు బర్లకు వరసగా కడుపులు పోయాయి. అప్పటికి వాగు పులిసిన కల్లు కుండలా కంపు కొడుతోంది.

బర్ల సంగతి అటుంచండి. ఎండాకాలం ఊరు మొత్తానికి తాగే నీళ్ళంటే వాగు ఇసుకలో తవ్వుకునే చెలిమెలే. ఇసుక వడగడుతుందిలే అని మళ్ళీ తెలివి చూపించాం. మోచేతి లోతు చెలిమె నడుము లోతుకు పోయింది, కంపు మాత్రం పోలేదు.

ముందు గొంతెత్తింది ఊరి బట్టలుతికే చాకలి. నా ఈడువాడే, పంచాయతీ మెంబరు కూడా. ఒకనాడు మా ఇంటి తెల్ల ధోతి తెచ్చి నా ముందు పరిచాడు. అది చాయ్ రంగుకు తిరిగింది.

"ఉతికిన కూలి వద్దక్కా" అన్నాడు. "రంగేసిన కూలియ్యి."

అతనే ఇల్లిల్లూ తిరిగాడు. మిల్లు నీళ్ళు మిల్లు జాగాలోనే గుంత తవ్వి నింపుకోవాలి, వాగులోకి వదలొద్దు. అడిగింది ఇంతే. పంచాయతీలో తొమ్మిది మందిమి, ఆడవాళ్ళ తరఫున నేనొకదాన్ని. అతను కాక ఇంకో ఆరుగురం సరేనన్నాం. నేనైతే గట్టిగానే అన్నాను.

1968 మార్చి 3, ఆదివారం, పదింటికి బడిలో మీటింగు. సేటు రాలేదు. గుమాస్తా వచ్చాడు, ఒళ్ళో కోత చీటీల కట్టతో. మిల్లు నుంచి చీటీ రానిదే చెరకు కోయడానికి లేదు. కోసి పెట్టుకుంటే రెండు రోజుల్లో ఎండి బరువు పోతుంది. కోయకుండా వదిలితే మార్చి తర్వాత చేనులోనే బెండు పడి రసం పోతుంది. బోధన్ పెద్ద మిల్లుకు అమ్ముకుందామంటే మాకు అక్కడ పర్మిట్ లేదు. తొమ్మిది మందిలో ఎనిమిది మంది చెరకు చేలల్లోనే నిలబడి ఉంది. నాది నాలుగెకరాలు.

"చీటీలు ఇయ్యరాదు?" అన్నాడు సర్పంచ్.

"ఇస్త పటేలా, గందుకే వచ్చిన. ముందుగాల మీ మీటింగ్ గానియ్యున్రి. మిల్లు నడుస్తదో నడువదో తెల్వాలె గద" అన్నాడు గుమాస్తా. గొంతు పెంచలేదు. అందరికీ చాయ్ కూడా తెప్పించాడు.

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు సర్పంచ్. చాకలి చెయ్యి ఒక్కటే లేచింది. అతను దాన్ని దించకుండానే మా అందరి మొహాలూ వరసగా చూశాడు.

"ఏందక్కా, చెయ్యి నొస్తున్నదా?" అని నన్నే అడిగాడు.

నేను కొంగు సర్దుకున్నాను. కొంగు సరిగ్గానే ఉంది.

తీర్మానం వీగిపోవడానికి రెండు నిమిషాలు పట్టింది. చీటీలు పంచడానికి ముప్పావుగంట. అక్కడ మాత్రం అందరి చేతులూ లేచాయి.

వ్యాపారం పెరిగితే ప్రజాస్వామ్యం దానంతట అదే బలపడుతుందని, వాగులూ చెట్లూ పచ్చగానే ఉంటాయని చదువుకున్నవాళ్ళు ఉపన్యాసాలు ఇస్తుంటే వింటూ ఉంటాను. చెరకు కోతకొచ్చిన నెలలో మా ఊళ్ళో ఓటు పెట్టి చూడమనండి. ఆనాడు మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. దాన్ని స్వేచ్ఛ అంటారట. మాకు పొలం ఉంది, పట్టా ఉంది, రాజ్యాంగం ఇచ్చిన ఓటు ఉంది. చెయ్యి ఎత్తగలిగింది మాత్రం గుంటెడు చెరకు కూడా లేనివాడు.

మే నెలలో అతను సామాను బండికెత్తాడు. నిజామాబాద్‌లో బీడీల పని చూసుకున్నారట.

"ఆడ నీళ్ళకు ఎట్ల మరి?" అని అడిగాను, ఇంకేమీ తోచక.

"నల్లా కాడ లైన్ల నిలబడాలెనట. మంచిదే అక్కా. ముందట ఎవరున్నరో, ఎనుక ఎవరున్నరో కనబడ్తది."

మిల్లు 1974లో మూతపడింది. లాభం లేదని సేటే తాళం వేసుకుని పోయాడు. దానికి ఎవరి ఓటూ అవసరం పడలేదు.

పోయినవి రాసి పెడుతున్నాను. మా వాడకట్టులో కడుపులు పోయిన బర్లు పదకొండు. చచ్చినవి నాలుగు, ఒకటి నాది. మిల్లు రాకముందు వాగులో చెలిమెలు ఇరవై మూడు, మిల్లు పోయేనాటికి ఒక్కటీ లేదు. ఊరు విడిచిన ఇల్లు ఒకటి, మనుషులు ఆరుగురు. ఎత్తని చేతులు ఎనిమిది, నాదీ కలుపుకుని. వాగులో చేపలు ఎన్ని పోయాయో తెలియదు. ఉన్నప్పుడు లెక్కపెట్టలేదు.