పోయిన తేదీ నుంచి పౌరుడు

మిషిగన్‌లో ఇళ్ళు కట్టేవాళ్ళకి చెప్పుల గురించి ఎవరూ చెప్పినట్టు లేరు. ట్రాయ్‌లో మేం కొన్న ఇంట్లో ఎవరూ వెలిగించని ఫైర్‌ప్లేస్ ఉంది, ఎవరూ పడుకోని బాత్‌టబ్ ఉంది. ముందు తలుపు తీయగానే మాత్రం ఒక మనిషీ, ఆ మనిషి విప్పిన చెప్పులూ ఒకేసారి పట్టే చోటు లేదు. భోజనానికి రెండు కుటుంబాలు వస్తే రెండో కుటుంబం బయటే నిలబడి తమ వంతు కోసం చూడాలి. చలికాలంలో ఇది అతిథి మర్యాద కిందికి రాదు. బిల్డర్‌కి ఈ విషయం ఈమెయిల్‌లో రాశాను. ఇల్లు మాకు నచ్చినందుకు సంతోషమని జవాబిచ్చారు.

ఒక వేసవి సాయంత్రం ఆ ఇరుకులో సైన్యం యూనిఫారాలు వేసుకున్న ఇద్దరు మగవాళ్ళు నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను. వాళ్ళు కింద వరసగా ఉన్న చెప్పులు చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత వంగి తమ నల్ల బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు. అక్కర్లేదని నేను అనలేదు. లేసులు విప్పుతున్నంత సేపు వాళ్ళు వచ్చిన పని చెప్పరు కదా అనిపించింది.

వాళ్ళు అడిగింది మా తమ్ముడి భార్యని. ఆవిడ ఇంట్లో లేదన్నాను. నేను అతని సొంత అక్కనని కూడా చెప్పాను. ఇద్దరూ ఎంతో గౌరవంగా తలలు ఊపి, ఆవిడ వచ్చేదాకా ఆగుతామన్నారు. ముందు భార్యకే చెప్పాలట, రూలు. ఆవిడేమో ఖాళీ పార్కింగ్ లాట్‌లో మా ఆయన దగ్గర కారు వెనక్కి తీయడం నేర్చుకుంటోంది. నా ఇంట్లో నా సోఫా మీద ఇద్దరు మనుషులు సాక్సులతో కూర్చుని, నా తమ్ముడు పోయాడన్న సంగతి నాకు చెప్పకుండా, నేనిచ్చిన మంచినీళ్ళు తాగారు. వాళ్ళ మొహాలు చూస్తే తెలియడం లేదా అంటే తెలుస్తూనే ఉంది. అయినా అధికారికంగా నాకు తెలియలేదు.

మా తమ్ముడు ఇక్కడికి ఎం.ఎస్. చదవడానికి వచ్చి, చదివి, కార్ల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం చేసి, కార్ల కంపెనీలకే ఉద్యోగాలు లేని రోజుల్లో అది పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లోనే సైన్యం కొన్ని భాషలు వచ్చిన విదేశీయులను గ్రీన్ కార్డు లేకపోయినా తీసుకుంటామంది. ఆ భాషల్లో తెలుగు కూడా ఉందని వాడు గంతులేస్తూ ఇంటికొచ్చాడు. అమెరికా సైన్యం ఏ శత్రువుతో తెలుగులో మాట్లాడదలచుకుందో నాకు ఈనాటికీ తెలియదు. "అక్కా, ట్రైనింగ్ అవ్వగానే సిటిజన్‌షిప్! మనవాళ్ళు గ్రీన్ కార్డుకే ముసలివాళ్ళయిపోతున్నారు" అన్నాడు. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, భార్యని మా బేస్‌మెంట్‌లో దింపి, దక్షిణాదిన ఎక్కడో ఉన్న శిక్షణ శిబిరానికి వెళ్ళాడు. ఊళ్ళో తెలుగువాళ్ళకి క్లయింట్ సైట్‌కి వెళ్ళాడని చెప్పాం. ఎం.ఎస్. చేసి సిపాయి ఉద్యోగమా అంటారని.

ఎండలో పరుగు పెడుతూ పడిపోయాడు. లేవలేదు. పౌరుడిగా ప్రమాణం చేయించే రోజు ఇంకా రాలేదు.

మా పురోహితుడు ఫోన్‌లో, "పెళ్ళయిన ఆడపిల్లవి, నీకు మూడు రోజులే మైల తల్లీ" అన్నాడు. మా ఆఫీసు వాళ్ళు కూడా అన్నదమ్ములు పోతే సరిగ్గా మూడు రోజులే సెలవిచ్చారు. ధర్మశాస్త్రమూ హెచ్ఆర్ వాళ్ళూ ఒక్క మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు. నాలుగో రోజు తలంటుకుని, బొట్టు పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరాను. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేది. మా మరదలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నా బొట్టు వంకా లంచ్ బ్యాగు వంకా చూసింది.

"ఆఫీసుకా వదినా?"

"మూడు రోజులయిపోయాయి కదా" అన్నాను.

ఆవిడ సరేనని తల ఊపింది. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు.

మా ఇద్దరికీ అంతకు ముందు కూడా పడేది కాదు. కారణం మూఢం. తమ్ముడికి ఈ కరీంనగర్ అమ్మాయి స్నేహితుల ద్వారా పరిచయమై, పెళ్ళి కుదిరేసరికి మూఢం వచ్చింది, ముహూర్తాలు లేవు. వీసా ఇంటర్వ్యూకి మాత్రం తేదీ దొరికింది. కాన్సులేట్ వాళ్ళు మూఢం పాటించరు కాబట్టి ఇద్దరూ ముందు రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టారు. మూఢం వెళ్ళాక ముహూర్తం చూసి అందరి మధ్యా తాళి కట్టించాం. మాలో ఇలా రెండేసి పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ రెండింటి మధ్యలో ఆ అమ్మాయిని పండక్కి ఇంటికి పిలవనా అని అమ్మ ఫోన్‌లో అడిగింది. "రిజిస్టర్ అంటే పేపర్ పని, పెళ్ళి కాదు. తాళి పడేదాకా తను మన కోడలేం కాదు" అన్నాను. ఆ మాట అందరూ అనేదే. ఆ అమ్మాయి అప్పటికే అమ్మ పక్కన కూర్చుని ఉందనీ, ఫోన్ స్పీకర్‌లో ఉందనీ నాకు చెప్పకపోవడం మాత్రం అన్యాయం.

సైన్యం మాకు సాయంగా ఒక సార్జెంట్‌ని పంపింది. పొడుగాటి మనిషి, మెత్తటి గొంతు. వచ్చిన ప్రతిసారీ బూట్లు విప్పేవాడు, వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి కట్టుకునేవాడు. చనిపోయిన సైనికుడికి పౌరసత్వం అడగవచ్చని ఆయనే చెప్పాడు. రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టాలి. ఇస్తే, పోయిన తేదీ నుంచి వాడు అమెరికా పౌరుడు. మా మరదలు పౌరుడి భార్య కింద లెక్క, తన గ్రీన్ కార్డుకి తనే అర్జీ పెట్టుకోవచ్చు. ఇవ్వకపోతే, భర్త వీసా మీద వచ్చిన మనిషి కనుక, ఆ భర్తే లేడు కనుక, దేశం వదిలి వెళ్ళాలి.

"దరఖాస్తు నేను పెట్టవచ్చా?" అని అడిగాను.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. భార్య, ఆ తర్వాత పిల్లలు, ఆ తర్వాత తల్లిదండ్రులు, ఆ తర్వాత తోబుట్టువులు అన్నాడు. వాడిని ఒళ్ళో పెట్టుకుని అన్నం తినిపించినదాన్ని, వరసలో ఆఖర్న ఉన్నాను.

ఆయన వెళ్ళాక మా మరదలితో, "ఇదంతా ఎందుకు? మీ ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా" అన్నాను. మంచికే అన్నాను. కొంత నా బేస్‌మెంట్ మంచికి కూడా.

"నేను పోను వదినా."

"అక్కడ మీవాళ్ళున్నారు."

"ఉన్నరు. పోయిన్నాడే నన్ను రూమ్‌ల కూసోబెడ్తరు. ఏడాది దాక గడప దాటనియ్యరు, ఆ తర్వాత కూడా స్కూటీ ముట్టనియ్యరు. ఈడ నాకు కారు నడుపుడొచ్చింది. రివర్స్ ఇంకా సక్కగ రాలే. అదీ వస్తది" అంది.

డ్రైవింగ్ కోసం దేశంలో ఉండిపోతానన్న మనిషిని నేనింకెవరినీ చూడలేదు. కానీ ఆవిడ నవ్వడం లేదు.

దరఖాస్తు ఆవిడే నింపింది. నేను తప్పులు చూశాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. పక్కవాళ్ళ తప్పులు పట్టినందుకు నాకు జీతం ఇస్తారు. కామాలు సరిచేశాను, జిప్‌కోడ్ సరిచేశాను. పెళ్ళి తేదీ దగ్గర ఆవిడ ముహూర్తం తేదీ వేసింది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. పెళ్ళికి వెళ్ళినదాన్ని, అక్షింతలు వేసినదాన్ని, ఆ రోజు కాకపోతే ఇంకేరోజు?

చలికాలంలో ప్రభుత్వం నుంచి కవరు వచ్చింది. జతచేసిన సర్టిఫికెట్‌లో పెళ్ళి ఒక తేదీన అయిందట, దరఖాస్తులో ఇంకో తేదీన. ఈ మనిషి నిజంగా ఆ సైనికుడి భార్యేనా, అయితే ఎప్పటి నుంచి, రుజువు చూపించమన్నారు. పెళ్ళి సంగతి దగ్గరగా తెలిసిన బంధువు ఒకరు ప్రమాణం చేసి వాంగ్మూలం రాసిస్తే మంచిదని సార్జెంట్ ఫోన్‌లో చెప్పాడు. మా మరదలు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. ట్రాయ్‌లో దగ్గరి బంధువు ఎవరో వెతుక్కోవలసిన అవసరం లేదు.

"మీరు సూసిన్రు కదా, తేదీ తప్పని ఎందుకు జెప్పలే?" అంది.

"నింపింది నువ్వు."

"సంతకం కూడా నేనే పెట్టిన. మరి మీరేం టెస్ట్ చేసిన్రు?"

"పెళ్ళి ఏ రోజయిందో పెళ్ళికూతురికి తెలుస్తుందనుకున్నాను."

"నాకు తెల్సు. రిజిస్టర్‌నాడే అయింది. అది పెళ్ళి కాదన్నది మీరే. మీ తమ్ముడు గూడ మీకు భయపడి ఆ తేదీ ఎన్నడూ నోటెంట తియ్యలే."

ఇది అబద్ధం. వాడు నాకు ఎప్పుడూ భయపడలేదు. నాకు చెప్పకుండా చాలా పనులు చేసేవాడు, అంతే.

మా ఆయన టీవీ శబ్దం పెంచాడు. ఆ ఇంట్లో ఆయన ప్రకటించిన విదేశాంగ విధానం అదొక్కటే.

అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఏడ్చి, ముక్కు చీది, "నువ్వేం రాయకు. వాళ్ళు కాదంటే ఆ పిల్ల ఇక్కడికే వస్తుంది. వాడి తాలూకు మనిషి ఒకరు నా కళ్ళ ముందుంటుంది" అంది.

"ఉండనంటోందమ్మా."

"ఉండక ఎక్కడికి పోతుంది?"

కొంచెంసేపు ఆ మాట నాకు బాగానే అనిపించింది. నేనేమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, మిగతాది ప్రభుత్వమే చూసుకుంటుంది, బేస్‌మెంట్ ఖాళీ అవుతుంది. కానీ దరఖాస్తు పోతే వాడి పౌరసత్వమూ పోతుంది. వెళ్ళేముందు నెలంతా వాడు పౌరసత్వ పరీక్ష ప్రశ్నలు బట్టీపట్టాడు. ఫ్రిజ్ తలుపుకి కాగితాలు అంటించి, పాల కోసం వెళ్ళిన ప్రతివాళ్ళనీ పట్టుకుని సెనేటర్లు ఎందరు, ఎన్నేళ్ళు అని అడిగేవాడు. చెప్పకపోతే పాలు తీయనిచ్చేవాడు కాదు. ఆ కాగితాలు ఫ్రిజ్ మీద ఇంకా ఉన్నాయి. నేనూ తీయలేదు, ఆవిడా తీయలేదు. మేమిద్దరం పోట్లాడుకోకుండా చేసిన పని అదొక్కటే.

శనివారం లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆవిడ వచ్చి వెనక నిలబడింది.

"రాస్తున్నరా?"

"రాస్తున్నాను."

"రాయుండ్రి వదినా. పేపర్ పనే కదా."

టైప్ చేశాను. నా తమ్ముడికీ ఈమెకీ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫలానా రోజున వివాహం జరిగిందనీ, ఆ రోజు నుంచి వారిని భార్యాభర్తలుగా నేనూ మా కుటుంబమూ ఎరుగుదుమనీ, తర్వాత జరిగినది మా ఆచారం ప్రకారం చేసుకున్న వేడుక మాత్రమేననీ రాశాను. మొదటిది నిజం. రెండోది రాసేటప్పుడు అమ్మ ఫోన్ స్పీకర్ గుర్తొచ్చింది. మూడోది చదివితే మా పురోహితుడు కళ్ళు తిరిగి పడిపోతాడు. పెళ్ళి భోజనాలకి అయిన ఖర్చు తలచుకుంటే నాక్కూడా ఆ "మాత్రమే" కొంచెం ఎక్కువే అనిపించింది.

నోటరీ కోసం బ్యాంకుకి వెళ్ళాం. ఆవిడే డ్రైవ్ చేసింది. మంచులో కూడా నాకన్నా నెమ్మదిగా, నాకన్నా బాగా నడిపింది. ఆ సంగతి నేను పైకి అనలేదు. బ్యాంకులో కుర్రాడు కాగితం మీద పెళ్ళి అన్న మాట ఒక్కటే చూసి, ముద్ర వేస్తూ మా ఇద్దరికీ శుభాకాంక్షలు చెప్పాడు. ఇద్దరం థాంక్స్ చెప్పాం.

మళ్ళీ ఎండలొచ్చేసరికి సర్టిఫికెట్ వచ్చింది. పోస్టు నేను తీశాను, కవరు మీద పేరు ఆవిడది. ఇన్నాళ్ళకి నేర్చుకున్నాను కనుక విప్పకుండా ఇచ్చాను. ఆవిడ చాకుతో అంచు జాగ్రత్తగా కోసి, కాగితం బయటికి లాగి, నాకు కనబడేలా టేబుల్ మీద పెట్టింది. మంచి దళసరి కాగితం. వాడి పేరు, పోయిన తేదీ, ఆ తేదీ నుంచి పౌరుడని. వీసా తేదీ దాటిపోతుందేమోనని బతికినన్నాళ్ళూ క్యాలెండరు చూసుకున్న మనిషి. ఇక దీనికి గడువు లేదు.

ఆవిడ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మా ఆయన వచ్చి చూసి, బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు.

తర్వాతి వారం ఆవిడ గ్రీన్ కార్డు అర్జీ కోసం లాయరు దగ్గరికి బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆ ఇరుకులో, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, రెండో బూటు తొడుక్కుంటోంది. చంకలో ఫైలు. సర్టిఫికెట్ అందులో ఉంది.

"లాయరుకి చూపించి వెనక్కి తెచ్చెయ్. అది ఇక్కడే ఉండనీ" అన్నాను. "ఫ్రేం కట్టించి హాల్లో వాడి ఫొటో పక్కన పెడతాను. నీకు మంచి కలర్ జిరాక్స్ తీయించి ఇస్తాను."

ఆవిడ లేసు ముడి వేసుకుని, కాలు కింద పెట్టి, నా వైపు చూసింది.

"మీకు మూడు రోజులే కదా వదినా మైల. జిరాక్స్ మీకు చాలు."